హెడ్‌లైట్ లోపలి తేమ: సహజమైన చెమ్మ ఏది, నీరు దిగిన లక్షణం ఏది?

ప్రశ్న క్లుప్తంగా: అనంతపురంలో ఉండే ఒక కారు యజమాని అడిగారు. రెండేళ్ల కిందట కొన్న చిన్న ఎస్‌యూవీ. హాలోజన్ బల్బుల హెడ్‌లైట్లు. మొన్నటి వానల తరువాత ఎడమవైపు డూమ్ (బల్బు, అద్దం కలిసి ఉండే హెడ్‌లైట్ పెట్టె) లోపల తేమ పట్టింది. మూడు రోజులు ఎండ కాసినా పోలేదు, కింది మూలన నీరు నిలిచిన గీత కనిపిస్తోంది. సర్వీసు సెంటరులో ‘ఇది సహజమే’ అన్నారట. ఇంటి దగ్గరి మెకానిక్ ‘అడుగున చిన్న రంధ్రం వేసి, చుట్టూ సిలికాన్ పట్టిస్తే సరిపోతుంది’ అన్నారట. ఎవరి మాట వినాలి, ఈ స్థితిలో వచ్చే వారం రాత్రిపూట బెంగళూరు వెళ్లవచ్చా అన్నది వారి సందేహం.

సూటి సమాధానం ముందుగా చెబుతాను. మీ కారులో ఉన్నది సహజమైన చెమ్మ కాదు, లోపలికి నీరు దిగింది. ఒకే వైపు రావడం, మూడు రోజుల ఎండకూ పోకపోవడం, అడుగున గీత కట్టడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నేను అనుమానిస్తాను; మూడూ కలిసినప్పుడు ఇక అనుమానించడానికేమీ మిగలదు. అంతమాత్రాన డూమ్ మొత్తం మార్చనక్కరలేదు. నా దగ్గరికి వచ్చే ఇటువంటి కార్లలో చాలావాటికి వెనుకనున్న రబ్బరు మూత సరిగా కూర్చోకపోవడమో, గాలి గొట్టం ఊడిపోవడమో కారణంగా తేలుతుంది. నీరు ఎక్కడి నుంచి దిగుతున్నదో తెలుసుకునే వరకు రంధ్రమూ వేయించవద్దు, సిలికానూ పట్టించవద్దు. అనంతపురంలో కార్ల విద్యుత్ పనులు చేసే వృత్తిలో చాలా కాలంగా ఉన్నాను కాబట్టి, కారణాలు కొంచెం వివరంగా రాస్తున్నాను.

హెడ్‌లైట్ డూమ్‌ను గాలి చొరబడని పెట్టెగా చాలామంది ఊహించుకుంటారు. నిజానికి దానికి ఊపిరి ఆడాలి. బల్బు వెలిగితే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆర్పితే చల్లబడి ముడుచుకుంటుంది. ఆ గాలి 70 డిగ్రీల సెల్సియస్ నుంచి 25 డిగ్రీలకు దిగితే దాని పరిమాణం సుమారు ఎనిమిదో వంతు తగ్గుతుంది. ఆ మేరకు బయటి గాలి రావడానికి దారి లేకపోతే భారమంతా అతుకుల మీద పడి, కొంతకాలానికి అవే విడిపోతాయి. అందుకే తయారీలోనే డూమ్ వెనుక గాలి దారులు ఏర్పాటు చేస్తారు. కొన్ని కార్లలో అవి కిందికి వంగిన చిన్న రబ్బరు గొట్టాలు, కొన్నిటిలో ప్లాస్టిక్ మూతలు, కొత్త తరహా డూమ్‌లలో గాలిని, ఆవిరిని పోనిచ్చి నీటిబొట్టును మాత్రం ఆపే పలుచని పొర అంటించిన బిళ్లలు.

గాలి వచ్చే దారిలోనే దానిలోని తేమ కూడా వస్తుంది. 30 డిగ్రీల వేడిలో 70 శాతం తేమ ఉన్న గాలి సుమారు 24 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. డూమ్ మొత్తంలో ముందుగా చల్లబడేది వానకూ గాలికీ ఎదురుగా ఉండే ముందు అద్దమే కాబట్టి చెమ్మ అక్కడే కనిపిస్తుంది. అద్దం అని అలవాటుగా అంటున్నాం గానీ అది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. డూమ్‌లోని ప్లాస్టిక్ భాగాలు కొద్దిపాటి తేమను తమలోకి పీల్చుకుని, వేడి తగిలినప్పుడు వదులుతాయి. దీపం వేసిన కొత్తలో చెమ్మ కాస్త పెరిగి, ఆ తరువాత తగ్గడానికి ఇదొక కారణం; దాన్ని చూసి కంగారు పడవద్దు.

వానలే తక్కువైన మన జిల్లాలో ఈ సమస్య ఏమిటని కొందరు ఆశ్చర్యపోతారు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. అయితే మనకు గట్టి వానలు పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. మధ్యాహ్నమంతా ఎండకు కాగిన కారు మీద సాయంత్రం ఉన్నట్టుండి జల్లు పడితే డూమ్‌లోని గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. అప్పుడు ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి గాలితో పాటు, ఆ సందు మీద నిలిచిన నీటిని కూడా లోపలికి లాక్కుంటుంది. డిసెంబరు, జనవరి నెలల సంగతి వేరు. మబ్బులేని రాత్రి ఆరుబయట నిలిపిన కారు తన వేడిని ఆకాశంలోకి వదిలి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. తెల్లవారి బానెట్ మీద మంచు పడినట్టే డూమ్ లోపల కూడా చెమరుస్తుంది. ఆ చెమ్మలో దోషమేమీ లేదు.

తేడాను ఎలా గుర్తించాలి? మొదట ఒక మెత్తటి గుడ్డతో అద్దాన్ని బయటి నుంచి తుడవండి. ఇది మరీ చిన్న మాటలా ఉంటుంది గానీ, ఎండకు పసుపుబారిన అద్దాన్ని చూసి లోపల తేమ చేరిందని వచ్చేవారు ఉన్నారు. ఆ మసక ఎండలోనూ వానలోనూ ఒకే తీరుగా ఉంటుంది. దానికి పాలిష్ చేయించుకోవాలి.

సహజమైన చెమ్మ సన్నని తెల్లని పొరగా, అద్దంలో కొంత మేరకే పరుచుకుంటుంది. సాధారణంగా రెండు వైపులా వస్తుంది, బొట్లు కట్టి జారదు, ఆరిన తరువాత ఆనవాలు మిగల్చదు. నీరు దిగినప్పుడు బొట్లు దేనికది విడిగా కనిపిస్తాయి, జారిన చారలు ఉంటాయి, అడుగున నీరు నిలిచి బ్రేకు వేసినప్పుడు కదులుతుంది. ఆరిన తరువాత మిగిలే మరకను నేను మరింత శ్రద్ధగా చూస్తాను. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి వాటర్ సర్వీసింగ్‌లో దిగిన నీరు ఆరి తెల్లని చారలను వదులుతుంది. చక్రం చిమ్మిన రోడ్డు నీరు దిగితే అడుగున ఎర్రమట్టి గీత కడుతుంది. తెల్లని చార పైనుంచి మొదలైతే డూమ్ పైఅంచును, ఎర్రటి గీత ఉంటే కిందివైపు గాలి గొట్టాన్నో వెనుక మూతనో ముందుగా పరీక్షిస్తాను. మీరు చూసిన గీత ఏ రంగులో ఉన్నదో ఒకసారి గమనించండి.

ఆరే సమయాన్ని గమనించడం తరువాతి పరీక్ష. దీనికి ఏ పరికరమూ అక్కరలేదు. తేమను ముందుగా ఫొటో తీసి, లో బీమ్ (దగ్గరి రోడ్డు మీద పడే వెలుగు) వేసుకుని అరగంట సేపు కారు నడిపి, మళ్లీ అదే కోణంలో ఫొటో తీయండి. హాలోజన్ బల్బు తీసుకునే 55 వాట్లలో అధిక భాగం వేడిగానే పోతుంది కనుక సహజమైన చెమ్మ బల్బుకు ఎదురుగా ఉన్న భాగం నుంచి విచ్చుకుంటూ అంచుల వైపు తగ్గుతుంది. ఆ తీరుగా తగ్గి, మిగిలినది మధ్యాహ్నపు ఎండకు పోతే కారును దాని మానాన వదిలేయవచ్చు. ఎండకు పోయినట్టే పోయి, వాన లేని రోజుల్లో కూడా ప్రతి సాయంత్రం మళ్లీ వస్తున్నదంటే లోపల అలంకారపు పట్టీ కిందో, అడుగు మూలలోనో నీరు దాగి ఉందన్నమాట. అది పగలు ఆవిరై రాత్రి అద్దానికి చేరుతుంది. మీ కారులో ఇదే జరుగుతున్నదని నా అంచనా.

ఎల్ఈడీ హెడ్‌లైట్లకు ఈ అరగంట లెక్క వర్తించదు. వాటి వేడి ముందు అద్దం వైపు రాకుండా వెనుకనున్న లోహపు రెక్కల గుండా పోతుంది కాబట్టి సహజమైన చెమ్మ కూడా నెమ్మదిగా ఆరుతుంది. ఎల్ఈడీ దీపాల్లో చెమ్మ చూసి, దోషమేమీ లేని డూమ్‌ను మార్పించుకుని, కొత్తదానిలోనూ అదే చూసి నా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు. ఎల్ఈడీ అయితే ఒక పూర్తి రోజు ఎండ తగిలిన తరువాతే నిర్ణయానికి రావాలి. అయితే బొట్లు, చారలు, నిలిచిన నీరు కనిపిస్తే ఆగనక్కరలేదు. లోపలి సర్క్యూటు బోర్డుకు తడి తగిలితే చాలా కార్లలో డూమ్ మొత్తం మార్చవలసి వస్తుంది.

ఇక నీరు ఎక్కడి నుంచి వస్తున్నదన్న విషయం. స్క్రూడ్రైవర్ పట్టే ముందు నేను యజమానిని ఒక ప్రశ్న అడుగుతాను: ఈ మధ్య ఆ వైపున ఏ పని జరిగింది? బల్బు మార్చారా, బంపర్ విప్పారా, టింకరింగ్ జరిగిందా, బ్యాటరీ మార్చారా? కొన్ని కార్లలో ఒకవైపు డూమ్ వెనుకనే బ్యాటరీ ఉంటుంది. ఇరుకులో చేయి దూర్చినప్పుడు వెనుక మూత ఒక పక్కకు లేచినా పైనుంచి చూసేవారికి కనిపించదు. ఒకవైపు మాత్రమే తేమ వచ్చే కార్లలో ఈ ప్రశ్నకు వచ్చే జవాబే చాలాసార్లు దారి చూపుతుంది.

వెనుక మూత రెండు రకాలుగా ఉంటుంది. హెచ్4 (లో బీమ్, హై బీమ్ రెండూ ఒకే దానిలో ఉండే రకం) బల్బు ఉన్న డూమ్‌లకు రబ్బరు బూటు, మరికొన్నిటికి రింగు ఉన్న ప్లాస్టిక్ మూత. రబ్బరు బూటు అయితే దాని అంచు గాడిలో చుట్టూ సమానంగా కూర్చున్నదా, బల్బు వెనుక వైరు కప్లర్ తగిలించే కాళ్ల చుట్టూ బిగువుగా ఉన్నదా, ఎండకు గట్టిపడి పగుళ్లు పట్టిందా అని వేలితో తడిమి చూడాలి. చీకటిగా ఉండే చోటు కాబట్టి కంటి కంటే వేలే నమ్మదగినది. రాత్రిళ్లు ఇంజను వెచ్చదనానికి చేరే ఎలుకలు ఈ రబ్బరును కొరకడం కూడా తరచుగా చూస్తుంటాను. ప్లాస్టిక్ మూత అయితే రింగు మెలిపడి ఉండవచ్చు, లేదా మూతను పూర్తిగా తిప్పకుండా వదిలి ఉండవచ్చు.

ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పాలి. కడప వైపు నుంచి వచ్చిన ఒక హ్యాచ్‌బ్యాక్‌లో రెండు డూమ్‌లలోనూ నీరు ఉంది. రెండు వైపులా ఉంది కాబట్టి సహజమేనని యజమాని అనుకున్నారు. వెనుక చూస్తే కంపెనీ బల్బులు తీసి, ఫ్యాన్ ఉన్న ఎల్ఈడీ బల్బులు వేసి, అవి పట్టడానికి రబ్బరు బూటు మధ్యలో కత్తిరించారు. ఒక వైపైతే బూటే లేదు. హాలోజన్ డూమ్‌లో బయట దొరికే ఎల్ఈడీ బల్బులు వేయడం వెలుగు పరంగా కూడా నేను మెచ్చను, ఎదుటివారి కళ్లలో కొడుతుంది. అది పక్కన పెట్టినా, కత్తిరించిన బూటు నీటిని ఆపలేదు. కంపెనీ బల్బులు, కొత్త బూట్లు వేసి, డూమ్‌లను ఎండలో ఆరబెట్టిన తరువాత ఆ కారుకు మళ్లీ తేమ పట్టలేదు. మీ కారుకు కూడా బల్బులు మార్పించి ఉంటే ముందుగా అక్కడే చూడండి.

రెండోది గాలి గొట్టం. అది ఊడిపోతే నీరు నేరుగా దిగుతుంది, మూసుకుపోతే లోపలి తేమ బయటికి పోదు. మన ప్రాంతపు ఎర్రమట్టి దుమ్ము గొట్టంలో చేరి, వానకు తడిసి, ఎండకు గట్టిపడితే అది పనిచేయడం మానేస్తుంది. మట్టి గూడు కట్టే కందిరీగ మట్టి పెట్టి మూసేసిన గొట్టాలను కూడా తీశాను. గొట్టాన్ని పీకి, కడిగి, ఆరబెట్టి, మొదట ఏ దిక్కుకు వంగి ఉన్నదో అదే దిక్కుకు పెట్టాలి. మూతి పైకి తిరిగితే అదే నీటికి దారి అవుతుంది. పొర అంటించిన బిళ్లను మాత్రం సూదితో పొడవకూడదు, ఎయిర్ గన్‌తో ఊదకూడదు. చిరిగినా నూనె పట్టినా కొత్తది వేయడమే.

మూడోది అద్దానికీ వెనుక ప్లాస్టిక్‌కూ మధ్యనున్న అతుకు, పగుళ్లు. ఢీకొన్న కారును బాగుచేసినప్పుడు డూమ్ పైకి బాగానే కనిపిస్తుంది, కానీ దాన్ని కారుకు బిగించే చెవి విరిగిన చోట వెంట్రుక మందం పగులు వెనుక ప్లాస్టిక్ దాకా పాకి ఉండవచ్చు. డూమ్ బయటికి తీస్తే తప్ప అది దొరకదు. తక్కువ ధరకు దొరికే డూప్లికేట్ డూమ్‌లలో అతుకు జిగురు అంతటా సమానంగా పడకపోవడం కూడా చూశాను.

కంటికి ఏదీ దొరకనప్పుడు రెండు పరీక్షలు మిగులుతాయి. మొదటిది నీటి పరీక్ష. దీపాలు పూర్తిగా చల్లబడిన తరువాత, మామూలు తోట పైపుతో, ఒత్తిడి లేకుండా, డూమ్ కింది అంచు నుంచి మొదలుపెట్టి కొద్ది నిమిషాలకొక చోటు చొప్పున పైకి జరగాలి. పైనుంచి మొదలుపెడితే నీరు అంతటా కారి, ఎక్కడ దిగిందో తెలియదు. వాటర్ సర్వీసింగ్ గన్‌ను దీనికి వాడవద్దు. ఆ ఒత్తిడికి బాగున్న డూమ్‌లోకి కూడా నీరు వెళ్లగలదు. రెండోది సబ్బు నీటి పరీక్ష. డూమ్ తీసి, గాలి దారుల్లో ఒక్కటి తప్ప అన్నీ టేపుతో మూసి, మిగిలిన దారిలో సన్నని గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊదుతూ, అతుకుల వెంట సబ్బు నురుగు పూస్తే చిల్లు ఉన్న చోట బుడగలు వస్తాయి. పంక్చరు షాపు కంప్రెసర్‌తో ఊదితే చిల్లు లేని అతుకు కూడా విడిపోతుంది. పరీక్ష అయ్యాక టేపులన్నీ తీయడం మరవకూడదు.

ఇప్పుడు మీ మెకానిక్ సలహా గురించి. అడుగున రంధ్రం వేస్తే నిలిచిన నీరు కారిపోతుంది, వారం రోజులు బాగానే ఉంటుంది. ఆ తరువాత అదే రంధ్రం నుంచి చక్రం చిమ్మే నీరూ దుమ్మూ లోపలికి చేరతాయి. రిఫ్లెక్టర్ (బల్బు వెలుగును ముందుకు మళ్లించే లోపలి గిన్నె) మీద పడిన దుమ్మును తుడిస్తే వెండిలా మెరిసే పూత లేచిపోతుంది, తుడవకపోతే వెలుగు తగ్గుతుంది. సిలికాన్‌తో రెండు చిక్కులు ఉన్నాయి. చుట్టూ పట్టించే తొందరలో గాలి దారులను కూడా మూసేస్తారు, దానితో లోపలి నీరు లోపలే ఉండిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ అయితే ఆరేటప్పుడు వెలువడే ఆమ్లపు ఆవిరి రిఫ్లెక్టర్ పూతను తినేస్తుంది. చిల్లు ఎక్కడో నిర్ధారణ అయి, అతుకు మీద కొద్ది మేర మాత్రమే పూయవలసి వస్తే, వాసన రాని న్యూట్రల్ రకం సిలికాన్‌ను, ఆ చోటును స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి వాడాలి. లోపల సిలికా జెల్ సంచులు వేసే అలవాటు కూడా ఉంది. కొద్ది రోజుల్లో అవి తేమతో నిండి పనికిరాకుండా పోతాయి, వేడి బల్బుకు తగిలితే కాలిపోతాయి.

ఆరబెట్టడం మన ఊళ్లో తేలిక. వెనుక మూతలు తీసి, దుమ్ము పడకుండా పలుచని గుడ్డ కట్టి, ఒక పూట ఎండలో ఉంచితే చాలు. హీట్ గన్ అద్దానికి పెట్టవద్దు, ప్లాస్టిక్ వంగుతుంది. బల్బు గాజును చేతితో తాకవద్దు. జీనాన్ దీపాలున్న కార్ల వెనుక మూతలను ఇంట్లో విప్పవద్దు. వాటిని వెలిగించే విద్యుత్తు వేల వోల్టులలో ఉంటుంది.

అయితే మీది రెండేళ్ల కారు కాబట్టి వారంటీ ఇంకా ఉండవచ్చు. డూమ్‌ను మీరు గానీ బయటి మెకానిక్ గానీ విప్పకముందే ఆధారాలు సిద్ధం చేసుకోండి. వరుసగా రెండు మూడు రోజులు, ఉదయమూ సాయంత్రమూ, తేదీ, సమయం కనిపించేలా రెండు వైపుల డూమ్‌లనూ ఫొటో తీయండి. కుడివైపు పొడిగా ఉండి ఎడమవైపు మాత్రమే తడిగా ఉన్న ఫొటో మీకు అన్నిటికంటే బలమైన ఆధారం. సర్వీసు సెంటరులో నోటిమాటగా అడగకుండా, జాబ్ కార్డులో ‘ఎడమ హెడ్‌లైట్‌లో నీరు నిలుస్తోంది, అరగంట దీపం వేసినా ఆరడం లేదు’ అని రాయించి నకలు తీసుకోండి. ‘తేమ ఉంది’ అని రాయిస్తే మళ్లీ సహజమే అన్న జవాబు వస్తుంది. నీరు నిలవడం సహజమని రాతపూర్వకంగా ఇవ్వడానికి ఎవరూ సిద్ధపడరు. ఎల్ఈడీ బల్బులు వేయించి ఉన్నా, ఆ వైపు కారు ఢీకొని ఉన్నా వారంటీ వర్తించకపోవచ్చు.

బెంగళూరు ప్రయాణం మాటకొస్తే, వీలైతే పగటిపూటకు మార్చుకోండి. 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్లకు పైగా చీకట్లో పోవాలి. అద్దం మీది బొట్లు వెలుగును చెదరగొడతాయి, మీకు రోడ్డు సరిగా కనిపించదు, ఎదుటివారికి కళ్లు జిగేలుమంటాయి. రాత్రే వెళ్లక తప్పదంటే ముందురోజు మధ్యాహ్నం కారు ముక్కును ఎండకు తిప్పి నిలిపి, దీపం వేసి చూడండి. బొట్లు పోయి పొర మాత్రమే మిగిలితే లో బీమ్‌తో నెమ్మదిగా వెళ్లవచ్చు. నీటి మట్టం బల్బు దాకా వచ్చినా, దీపం మినుకుమినుకుమన్నా, ఫ్యూజ్ పోయినా ఆ దీపాన్ని వేయకండి, కారును రాత్రిపూట బయటికి తీయకండి. వేడి బల్బు మీద నీటిబొట్టు పడితే గాజు పగలగలదు.